నార్వే వారి సహాయము - నీండకర జాలరుల అనుభవము

పరదేశపు సహాయము వచ్చుచున్నదనగానే మన నేతపేటలలో రెండు రకముల మాటలు వినబడును. "వచ్చినదేదో రానిండు, పుచ్చుకొందము" అనువారు కొందరు. "లాభము లేనిదే ఎవరైన ఎందుకిత్తురు?" అనువారు మరి కొందరు. రెండు మాటలలోను కొంత నిజము లేకపోలేదు. కాని పుచ్చుకొనుటకైనను, త్రోసివేయుటకైనను ముందుగా అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ఆ ప్రశ్నలు మేము కూర్చుండి కల్పించినవి కావు. చేతిపని మీద బ్రతుకు కుటుంబములు డెబ్బది యేండ్లకు పైబడిన వెనుక ఒక సముద్రతీరమున అనుభవించి తెలుసుకొన్నవి. ఆ సంగతి మన సోదర కుటుంబములకు విన్నవించుటకే ఈ వ్యాసము.

ఆ కుటుంబములు నేతవారు కారు, జాలరులు. అయినను వల కూడ దారముతో అల్లినదే గదా! యానాములోను, గోపాలపురము వైపునను ఉన్న మనవారికి జాలరుల బ్రతుకు ఇరుగుపొరుగు బ్రతుకే. షోలాపురము, సేలము, బళ్లారి వంటి ఊళ్లలో ఉన్నవారికి సముద్రము దూరమైనను, ఈ కథలో వచ్చు అప్పు, పనిముట్టు, షావుకారు, ధర - ఇవి ఏవియు కొత్తవి కావు.

సహాయము వచ్చిన విధము

రెండవ ప్రపంచ యుద్ధము ముగియునప్పటికి ఐరోపా దేశములు చితికియుండెను. 1948 నుండి అమెరికా వారు మార్షల్ ప్రణాళిక క్రింద వానికి చేయూత ఇచ్చిరి. ఆ చేయూత పొందిన దేశములలో నార్వే ఒకటి. 1949 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ వెనుకబడిన దేశములకు సాంకేతిక జ్ఞానము అందింపవలెనని ప్రకటించెను. 1951లో మన దేశపు మొదటి పంచవర్ష ప్రణాళిక ఆరంభమైనది. ఆ యేడే కొలంబో ప్రణాళిక కూడ పనిలోనికి వచ్చినది.

ఇట్టి కాలమున, 1952లో నార్వే పార్లమెంటు వెనుకబడిన దేశముల సహాయమునకై కోటి క్రోనర్లు కేటాయించినది. తాను ఇంకను పరుల సాయముతో లేచి నిలువబడుచుండగనే మరియొకరికి చేయి అందించినది. సైన్యము మీద ఖర్చు పెరిగిపోవుచున్న ఆ దినములలో శాంతి కార్యమునకును కొంత వెచ్చింపవలెనని అచటి కార్మిక పక్షములో పలువురు పట్టుబట్టుట ఇందుకొక కారణము. చేపల వేటలో ఆరితేరిన దేశము గనుక తనకు తెలిసిన విద్యనే నేర్పుదునన్నది.

1952 అక్టోబరులో ఐక్యరాజ్య సమితి, భారత ప్రభుత్వము, నార్వే ప్రభుత్వము - ఈ మూడును కలిసి ఒప్పందము చేసికొన్నవి. అప్పటి తిరువాన్కూరు-కొచ్చిన్ రాష్ట్రములో, కొల్లమునకు ఉత్తరమున, అష్టముడి కాయలు సముద్రములో కలియు చోటు ఎన్నుకొనబడినది. నీండకర, శక్తికుళంగర, పుత్తన్‌తుర అనునవి అచటి జాలరి గ్రామములు. 1953లో పని మొదలైనది. నార్వే దేశము పరాయి గడ్డ మీద చేపట్టిన మొదటి అభివృద్ధి కార్యము ఇదియే.

ఒప్పందములో నాలుగు ఉద్దేశములు వ్రాసికొనిరి. జాలరి కష్టమునకు దక్కు ప్రతిఫలము పెంచుట. తాజా చేపను చక్కగా పంపిణీ చేసి, చేపతో చేయు సరకులను మెరుగుపరచుట. ఆరోగ్యము, పారిశుద్ధ్యము బాగుచేయుట. మొత్తము మీద ఆ జనుల జీవన స్థాయిని పైకి తెచ్చుట. ఈ నాలుగింటిలో తప్పుపట్టదగినది ఒక్కటియు లేదు. వచ్చినవారు మంచి మనసుతోనే వచ్చిరి.

దోనె పోయి మరపడవ

మొదట వారు జాలరుల పాత పడవలకే ఇంజను బిగించి చూచిరి. అది పొసగలేదు. పిమ్మట ఇంజనుకు తగినట్లు కొత్త పడవలనే కట్టించిరి. పడవలు కట్టు కార్ఖానా, ఇంజను మరమ్మతు పనిశాల, మంచుగడ్డ తయారుచేయు కర్మాగారము లేచినవి. చేపను ఐసులో పెట్టి దూరపు ఊళ్లకు తాజాగా పంపిన పేదలకు మంచి తిండి దొరకును, జాలరికి మంచి ధర వచ్చును - ఇది వారి లెక్క.

లెక్క కాగితము మీద సరిగానే యున్నది. కాని కొనువాడు ఆ లెక్కలో లేడు. ఆనాటి తీరపు జనము ఐసులో పెట్టిన చేపను పాతచేపగా చూచిరి. మంచుగడ్డల కర్మాగారమునకు తగిన వ్యాపారము ఊరిలో పుట్టలేదు. మన నేతలో కూడ ఇట్టి సంగతి తెలియనివారెవరు? కొత్త రకము అచ్చు వేయింతురు, కొత్త రంగు అద్దింతురు, చీర నిగనిగలాడును. కొనువాడెవడో మాత్రము ముందు విచారింపరు. తుదకు సరకు సంఘము బీరువాలో మూల్గును.

రొయ్య తెచ్చిన మార్పు

ఇంతలో వేరొక మార్పు జరిగినది. అది ఒప్పందములో వ్రాసికొన్నది కాదు. అంతకుముందు ఆ తీరపు రొయ్యలు ఎండబెట్టి బర్మాకు పంపెడువారు. 1953లో కొచ్చిన్ నుండి ఒక వ్యాపార సంస్థ గడ్డకట్టించిన రొయ్యలను అమెరికాకు పంప మొదలుపెట్టినది. గిరాకి పెరిగినది. ఊరిలో అక్కరకు రాని మంచుగడ్డ ఇప్పుడు ఎగుమతి రొయ్యకు అక్కరకు వచ్చినది. మరపడవకు సముద్రపు అడుగును ఊడ్చుకొనుచు పోవు సంచివల తగిలించిన యెడల రొయ్య దండిగా పడును. క్రమముగా వేట అంతయు రొయ్యవైపు తిరిగినది.

1966 జూనులో మన రూపాయి విలువ తగ్గింపబడినది. డాలరు 4 రూపాయల 76 పైసల నుండి 7 రూపాయల 50 పైసలకు పెరిగినది. ఎగుమతిదారునకు ఒక్క రాత్రిలో రాబడి పెరిగినది. రొయ్యకు "గులాబి బంగారము" అను పేరు వచ్చినది. బంగారమున్న చోటికి ఎవరు రారు? ఏనాడును సముద్రములో కాలు తడపని వర్తకులు మరపడవలు కొనిరి. జాలరులలో పడవ సొంతము చేసికొన్నవారు మేడలు కట్టిరి. తక్కినవారు ఆ పడవల మీద కూలికి పోయిరి. మరి కొందరు పాత దోనెలతోనే ఒడ్డు దగ్గర మిగిలిపోయిరి.

ఒక్క పథకము క్రింద ఉన్న రెండు గ్రామములకే సమానముగ ఫలము దక్కలేదు. శక్తికుళంగర వారు కొత్త వేటను త్వరగా అందుకొనిరి. పుత్తన్‌తుర వారు వెనుకబడిరి. ఈ తేడాను 1960 ప్రాంతమున పరిశీలించి గ్రంథము వ్రాసినవాడు నార్వే దేశపు పండితుడే - ఆర్నె మార్టిన్ క్లౌసెన్. ఆయన పుస్తకము 1968లో వెలువడినది. ఆ దేశమువాడే యైన యోహాన్ గాల్టుంగ్ కూడ ఈ పథకమును పైనుండి దించిన అభివృద్ధిగా విమర్శించెను. తమ దేశము చేసిన పనిలోని లోపములను తామే వెదకి వ్రాసిరి. ఇందుకు వారిని మెచ్చుకొనవలెను. సహాయము చేయువాడు తన తప్పులెన్నుకొనుట అరుదు.

1961 తరువాత పథకపు పని కొచ్చిన్‌కు మారినది. కన్ననూరు, మద్రాసు రాష్ట్రములోని మండపము, మైసూరు రాష్ట్రములోని కార్వారు వరకు శాఖలు వ్యాపించినవి. 1963లో నీండకర పని కేరళ ప్రభుత్వమునకు అప్పగింపబడినది. 1972లో తక్కినదంతయు భారత ప్రభుత్వపు చేతిలోనికి వచ్చినది. నార్వే వారు సెలవు తీసికొనిరి. సముద్రము, జాలరి, మరపడవ మాత్రము మిగిలినవి.

తరువాత వచ్చిన తగవు

సముద్రపు అడుగును మరల మరల ఊడ్చిన యెడల పిల్లచేప కూడ మిగులదు. 1970ల నడుమ నుండి పట్టుబడి తగ్గసాగినది. ఒడ్డు దగ్గర వేటాడు దోనెవారి వలలను మరపడవలు త్రెంచుకొని పోవుట, అందుపై తగవులు, నిరాహార దీక్షలు, రాస్తారోకోలు సాగినవి. 1980లో కేరళలో సముద్రపు చేపల వేటను క్రమపరచు చట్టము వచ్చినది. తగవు తీర్చుటకు కమిటీల మీద కమిటీలు కూర్చున్నవి. తుదకు 1988లో వానకాలమున, చేపలు గ్రుడ్లు పెట్టు రోజులలో, అడుగు ఊడ్చు మరపడవలు వేటకు పోరాదని నిషేధము పెట్టిరి. జూన్, జూలై నెలలలోని ఆ కట్టుబాటు నేటికిని అమలులో నున్నది.

జాలరి కష్టమునకు తగిన ఫలము కలిగించుటకని వచ్చిన యంత్రము తుదకు జాలరికి, జాలరికి నడుమ గోడ అయినది. ఈ మాట వ్రాయుచున్నపుడు మాకు మన మరమగ్గములు జ్ఞప్తికి రాకపోలేదు. షోలాపురములో, భివండిలో మనవారే మరమగ్గముల యజమానులు, మనవారే వాని మీద కూలీలు. ఒకే ఇంటిపేరు వారు ఒకరు మజూరీ ఇచ్చువారుగా, ఒకరు పుచ్చుకొనువారుగా నిలిచినారు. యంత్రమును నిందించి ప్రయోజనము లేదు. యంత్రము ఎవరి పేర వచ్చినది, ఎవరి అప్పుతో వచ్చినది అనునదే ప్రశ్న.

ఇంటి ఆడవారి సంగతి

వల అల్లుట తీరపు ఊళ్లలో పలుచోట్ల ఆడవారి చేతిపని. నైలాను దారము వచ్చిన పిమ్మట వలలు అల్లు యంత్రములు దిగినవి. కేరళ తీరమునను, కన్యాకుమారి జిల్లాలోను ఎందరో స్త్రీలకు ఆ పని పోయినది. మరొక వైపు రొయ్యల పొట్టు ఒలుచు షెడ్లలో స్త్రీలకు కూలి దొరికినది. శక్తికుళంగరలో కొందరు స్త్రీలు తామే రొయ్యల వ్యాపారము కూడ చేసిరి. ఈ తీరపు స్త్రీల స్థితిని లీలా గులాటి అను పండితురాలు దగ్గర నుండి చూచి 1984లో పుస్తకముగా ప్రకటించినది. పోయిన పని ఒకరిది, వచ్చిన పని మరియొకరిది. రెండును ఒక ఇంటివే కానక్కరలేదు. 1952 నాటి నాలుగు ఉద్దేశములలో ఆడవారి చేతిపని గూర్చి ప్రత్యేకముగా ఒక్క పంక్తియు లేదు.

మన నేతలో కండెలు చుట్టునది ఎవరు? ఆసు పోయునది ఎవరు? 2019-20 నాటి నాలుగవ చేనేత గణనలో దేశమున 35 లక్షలకు పైబడి చేనేత పనివారు తేలిరి. అందులో నూటికి 70 మందికి మించి స్త్రీలే. మగ్గము ఇత్తుమని వచ్చు పథకములో మగ్గము మీద కూర్చున్నవాని పేరే వ్రాసికొని పోయిన, ప్రక్క గదిలో కండెలు చుట్టు అమ్మ పని లెక్కకు రాకుండ పోవును.

మేలు కూడ జరిగినది

అంతయు కీడే అని మేము చెప్పుట లేదు. నార్వే వారు పెట్టిన ఆరోగ్య కేంద్రము ఆ గ్రామములకు గొప్ప ఉపకారము చేసినది. మంచినీళ్ల ఏర్పాటు జరిగినది. మరుగుదొడ్లు కట్టిరి. వైద్యము, మంచినీరు మరపడవ కలవానికొకటి, లేనివానికొకటి అని లేకుండ అందరికి అందినవి. కులము, మతము, పడవ అడుగక ఇంటింటికి చేరిన సహాయము ఇదియే. ఆరితేరిన పడవ కార్మికులు, ఇంజను మెకానిక్కులు కూడ ఆ తీరమున తయారైరి. నేర్చిన విద్యను ఎవరును వెనుకకు తీసికొని పోలేరు.

ఇంకొక దారి

ఆ తీరముననే ఇంకొక ప్రయత్నము జరిగినది. తిరువనంతపురము జిల్లాలోని మరియనాడు అను గ్రామములో 1960ల చివర జాలరులు తమ సంఘము కట్టుకొనిరి. మొదట వారు అడిగినది పడవ కాదు. ఒడ్డున జరుగు వేలముపై అధికారము. చేప ఒడ్డుకు రాగానే షావుకారు బదులు సంఘమే వేలము వేయును. అప్పు తీసికొన్నవాని రాబడిలో కొంత భాగము ఏ రోజుకారోజు బాకీ క్రింద కట్టుకొనును. పట్టుబడి లేని నాడు కట్టనక్కరలేదు. వడ్డీ వ్యాపారి పట్టు ఆ విధముగ సడలినది.

ఇట్టి గ్రామ సంఘములు కలిసి 1980లో దక్షిణ భారత మత్స్యకార సంఘముల సమాఖ్యను ఏర్పరచుకొన్నవి. 1980ల మొదట్లో కన్యాకుమారి జిల్లాలోని ముట్టములో ప్లైవుడ్డు పడవలు కట్టు పని సాగినది. అలల మీదుగ ఒడ్డుకు దిగగలిగిన చిన్న పడవలవి. ఆ పనికి కూడ పరదేశపు సాయము అందినది. బ్రిటనులోని ఇంటర్మీడియట్ టెక్నాలజీ సంస్థవారు తోడ్పడిరి. అనగా పరదేశపు సాయము అయినంత మాత్రమున చెడ్డది కాదు. మొదటి దానిలో సాయము ముందు వచ్చినది, సంఘము వెనుక వచ్చినది. కేరళలో పడవల కొరకు పుట్టిన సంఘములు పలు పేరునకు మాత్రమే నిలిచినవి. రెండవ దానిలో సంఘము ముందు నిలిచినది, సాయము వెనుక వచ్చినది. వడ్డించువాడు మనవాడైన కడపంక్తిలో కూర్చున్నను కొరత లేదని మన పెద్దలనిరి. వడ్డించు గరిటె సంఘము చేతిలో నుండుటయే ఇచట ముఖ్యము.

మన చేనేతకు కూడ ఇట్టి అనుభవము కొంత లేకపోలేదు. 1952లో అఖిల భారత చేనేత బోర్డు ఏర్పడినది. 1953 చట్టముతో మిల్లు గుడ్డపై గజమునకు 3 దమ్మిడీల పన్ను వేసి, ఆ ధనములో చేనేతకు వాటా ఇచ్చిరి. సంఘములో వాటాధనము కట్టుటకు నేతగానికి అప్పు ఇచ్చిరి. అనగా మొదట వానిని సంఘ సభ్యుని చేసి పిమ్మట సాయము నడిపిరి. ఆ ధనము వలన బ్రతికిన సంఘములు నేటికిని కొన్ని ఊళ్లలో నిలిచియున్నవి. చేనేత బోర్డు మాత్రము 2020లో రద్దయినది. ఇచ్చు చేయి ఎన్నటికిని ఉండునని నమ్మరాదనుటకు ఇదొక నిదర్శనము.

మన సంఘములు అడుగవలసినవి

కావున ఏ దేశమువారైనను, ఏ సంస్థవారైనను మీ పేటకు పథకముతో వచ్చినపుడు మర్యాదగా కూర్చుండబెట్టి, కాఫీ ఇచ్చి, ఈ ప్రశ్నలు అడుగుడని మా మనవి.

మొదటిది: మగ్గమో, యంత్రమో ఎవరి పేర నుండును? నేతగాని పేరనా, సంఘము పేరనా, షావుకారు పేరనా? పత్రము మీద వ్రాయించుకొనుడు.

రెండవది: నేసిన సరకు ఎవరు కొందురు, ధర ఎవరు కట్టుదురు? నీండకర ఐసు కర్మాగారమును మరువకుడు.

మూడవది: కండెలు చుట్టు, ఆసుపోయు ఆడవారి పని ఏమగును? పని పోయిన యెడల బదులు ఏమి చూపుదురు? ఈ ప్రశ్నకు జవాబు వినుటకు ఆ ఆడవారు కూడ సభలో ఉండవలెను.

నాలుగవది: పథకము ముగిసి వారు వెళ్లిన మరునాడు మరమ్మతు ఎవరు చేయుదురు, విడిభాగములు ఎచట దొరకును?

ఐదవది: సొంత మగ్గము లేక కూలికి నేయువానికి ఇందులో ఏమి దక్కును? ఊరిలో అందరికంటె క్రిందనున్నవానికి అందనిది ఊరికి అందినట్లు కాదు.

ఇంకొక ముఖ్య విషయము. పరదేశపు ధనము పుచ్చుకొనుటకు మన దేశమున 2010 చట్టము ప్రకారము అనుమతి అవసరము. 2020 సవరణ తరువాత ఆ ధనము మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరచిన ఖాతాకే రావలెను. ఒక సంస్థ తాను పొందిన పరదేశపు ధనమును మరియొక సంస్థకు మార్చి ఇయ్యరాదు. కావున "మా ఖాతాలోనికి తెప్పించి మీ సంఘమునకు పంచుదుము, ముందు ఖర్చులకు కొంత కట్టుడు" అనువారు ఎవరైన వచ్చిన, ఒక్క రూపాయి ఇయ్యకుడు. లెక్కలు చూచు ఆడిటరును సంప్రదించిన పిమ్మటనే సంతకము చేయుడు.

నీండకర జాలరులకు 1952లో ఈ ప్రశ్నలు అడుగు అవకాశము కలుగలేదు. ఒప్పందము మీద మూడు సంతకములు పడినవి. నాలుగవది, జాలరి సంతకము, అందులో లేదు. వారి కష్టము వలన మనకు ఈ తెలివి దొరికినది. మన పేట మగ్గముల గూర్చి వ్రాయు ఏ పత్రము మీదనైనను ఆ నాలుగవ సంతకము ఉండునట్లు చూచుకొనుట మన చేతిలోని పని. సంఘపు పెద్దలు ఈ వ్యాసమును వచ్చు సభలో చదివి వినిపింతురని, ఆడవారిని కూడ ఆ సభకు పిలుతురని ఆశించుచున్నాము.